పల్లె స్టేషన్‌లో ఏం చూడాలి?

ప్రశ్న: మా తాతగారు రైల్వేలో పాయింట్స్‌మన్‌గా పనిచేశారు. ఆయన చెప్పిన రెక్క సిగ్నళ్లు, డ్రైవరు చేతికి అందించే బెత్తపు వలయం, పాత రాతి గదులు ఉన్న పల్లె స్టేషన్‌ను పిల్లలకు చూపాలని ఉంది. ఒక్కరోజులో వెళ్లి రాగలమా? లోపల తిరగనిస్తారా?
– ఒక పాఠకురాలు, హనుమకొండ

జవాబు: మీరు అడిగిన మూడింటిలో మొదటి రెండూ కాజీపేట మీదుగా పోయే ప్రధాన మార్గాల్లో కనిపించవు. ఆ బెత్తపు వలయానికి తగిలించిన సంచిలో బంతిలాంటి టోకెన్ ఉండేది. ఒంటి లైను మీద రెండు బండ్లు ఎదురుపడకుండా పక్కపక్క స్టేషన్లలోని యంత్రాలను తీగలతో కలిపేవారు. ఒక టోకెన్ బయట ఉన్నంతసేపు ఆ యంత్రాలు మరొకదాన్ని విడువవు, అది చేతికి అందనిదే డ్రైవరు బండిని కదిలించరాదు. జంట లైన్లు పడ్డాక ఇక్కడ దాని అవసరం తీరింది. రంగు దీపాలు వచ్చాక, స్తంభం మీద కదులుతూ ఆగమనో పొమ్మనో చెప్పే రెక్కలు కూడా దిగిపోయాయి.

ఇక మిగిలింది కట్టడాలు. ఈ విషయంలో మీరు అదృష్టవంతులు, ఎందుకంటే కాజీపేట నుంచి రెండు తరాల రైలు మార్గాలు విడిపోతాయి. ఇల్లందు ప్రాంతంలో 1871లో భూగర్భ శాస్త్రవేత్త విలియం కింగ్ బొగ్గును గుర్తించడంతో ఊపందుకున్న నిజాం లైను 1886లో వరంగల్‌కు, 1889లో బెజవాడకు చేరింది. బల్లార్షా మార్గం మాత్రం 1929లో గాని పూర్తి కాలేదు. కనుక ఉదయం నెక్కొండ, కేసముద్రం వైపు, మధ్యాహ్నం జమ్మికుంట వైపు ప్యాసింజరు బండిలో వెళ్లి రావడమే నా సలహా. మూడో లైను పనులు సాగే చోట పాత గదులు ఉండకపోవచ్చు కాబట్టి ఒకే స్టేషన్‌ను నమ్ముకోకండి.

భవనం కొత్తదైనా నిరాశ పడనక్కరలేదు. కంచెకో, రేకుల కప్పుకో స్తంభాలుగా నిలిపిన పాత పట్టాల నడుము మీద తయారైన చోటు, సంవత్సరం పోతపోసినట్లు ఉబ్బెత్తుగా ఉంటాయి. రంగు పూతల కింద ఆ అంకెలను వేలితో తడిమి చదవడం పిల్లలకు ఏ మ్యూజియంలోనూ దొరకని ఆట. అయితే అది పట్టా పుట్టిన ఏడాదే గాని స్టేషన్ కట్టిన ఏడాది కాదు. పేరు బోర్డు మీద సముద్రమట్టం నుంచి ఎత్తు చూపించండి. పేరు చివర ‘రోడ్’ ఉంటే ఊరు దూరమని అర్థం. భద్రాచలం రోడ్‌లో దిగి రాముడి గుడి కోసం వెతికినవారు కొత్తగూడెంలోనే ఉండిపోతారు, మధ్యలో గోదావరి కూడా ఉంది మరి!

ప్రయాణ టికెట్టు గాని, రెండు గంటలు చెల్లే ప్లాట్‌ఫారం టికెట్టు గాని ఉంటే ప్లాట్‌ఫారం మీద ఉండవచ్చు. స్టేషన్ మాస్టర్ గదిలోకి మాత్రం ఆయన రమ్మంటేనే వెళ్లాలి. బండి వచ్చే వేళ కాకుండా అడిగి, తాతగారి ఉద్యోగం సంగతి చెప్పండి. పట్టాల మీదుగా దాటడం నేరం, వంతెన మెట్లే ఎక్కండి. చిన్న స్టేషన్లలో టీ కూడా దొరకకపోవచ్చు కనుక సద్ది కట్టుకొని, తిరుగు బండి వేళ రాసుకొని బయల్దేరండి.