మెట్ల లెక్క, నీడ లెక్క

ప్రశ్న: మా అమ్మాయి ఇంటర్ ఎంపీసీ చదువుతోంది. బొమ్మలు చక్కగా గీస్తుంది, ఆర్కిటెక్చర్‌లో చేరతానంటోంది గానీ లెక్కలంటే జంకు. లెక్కలన్నీ కంప్యూటరే చేసే ఈ రోజుల్లో ఆర్కిటెక్టుకు గణితంతో అంత పని ఉంటుందా?
– ఒక పాఠకుడు, ఎం.వి.పి. కాలనీ, విశాఖపట్నం

జవాబు: పని ఉంటుంది గానీ, అది మీ అమ్మాయి జంకే రకం గణితం కాకపోవచ్చు. స్తంభాలు, దూలాలు మోసే బరువుల లెక్క ప్రధానంగా స్ట్రక్చరల్ ఇంజినీరు చూసుకుంటారు. ఆర్కిటెక్టుకు రోజూ తగిలేవి నిష్పత్తులు, వైశాల్యాలు, కొంత త్రికోణమితి.

మెట్లనే తీసుకోండి. మెట్టు ఎత్తుకు రెండింతలు కట్టి, దానికి అడుగు పెట్టే వెడల్పు కలిపితే మనిషి నడకలోని ఒక అంగ రావాలన్నది 17వ శతాబ్దపు ఫ్రెంచి వాస్తుశిల్పి ఫ్రాన్స్వా బ్లోందెల్ చెప్పిన సూత్రం; నేడు దాన్ని సుమారు 24 అంగుళాలుగా తీసుకుంటారు. అంతస్తు ఎత్తు 10 అడుగులనుకుంటే, 6 అంగుళాల చొప్పున 20 ఎత్తులు వస్తాయి, ఒక్కో మెట్టు వెడల్పు 12 అంగుళాలవుతుంది. స్థలం కలిసొస్తుందని 8 అంగుళాల ఎత్తు పెడితే 15తో సరిపోతుంది గానీ, వెడల్పు కూడా 8 అంగుళాలకు కుంచించుకుపోయి, దిగేటప్పుడు పాదం పట్టదు. పైగా గచ్చు మందాన్ని ముందే లెక్కలో వేసుకోకపోతే అట్టడుగు మెట్టు పొట్టిదైపోతుంది. మా ఇంటి మెట్లలో మొదటిది అలాంటిదే, వచ్చిన చుట్టమల్లా అక్కడ తడబడతాడు.

ఇక ఎండ సంగతి. విశాఖ సుమారు 17.7 డిగ్రీల ఉత్తర అక్షాంశం మీద ఉంది కాబట్టి, మార్చి 21 ప్రాంతంలో మధ్యాహ్న సూర్యుడు దక్షిణాన 72 డిగ్రీల ఎత్తులో, డిసెంబరు 21 ప్రాంతంలో 49 డిగ్రీల ఎత్తులో ఉంటాడు. దక్షిణపు కిటికీకి 2 అడుగుల సన్‌షేడ్ పెట్టి, దాన్ని ఆ కోణాల టాంజెంటుతో గుణిస్తే, నీడ మార్చిలో 6 అడుగులు దాటి 4 అడుగుల కిటికీని పూర్తిగా కప్పుతుంది, డిసెంబరులో 2.3 అడుగుల దగ్గరే ఆగి కింది భాగంలోంచి ఎండను లోపలికి రానిస్తుంది. పడమటి ఎండ వాలుగా వస్తుంది కాబట్టి దానికి ఈ సన్‌షేడ్ చాలదు, నిలువు పలకలు కావాలి.

2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుపానును చూసిన ఊరికి గాలి లెక్క వేరే చెప్పనక్కర్లేదు: వేగం రెండింతలైతే అద్దం మీద ఒత్తిడి నాలుగింతలవుతుంది.

కంప్యూటరు ఇవన్నీ క్షణంలో చేసిపెడుతుంది, నిజమే. కానీ అంతస్తు ఎత్తు తప్పుగా ఇస్తే తప్పు మెట్లనే అంత చక్కగానూ గీస్తుంది. ఈ ఆదివారం మీ అమ్మాయి చేతికి టేపు ఇచ్చి ఇంటి మెట్లు కొలవమనండి. 24కు ఎంత దూరంలో ఉన్నాయో తనే చెబుతుంది.