ఆకు నల్లబడలేదేం?

ప్రశ్న: ఆకులో పిండిపదార్థం పరీక్ష చేశాం. అయోడిన్ వేసినా ఆకు గోధుమరంగులోనే ఉండిపోయింది. పొరపాటెక్కడ?

జవాబు: మొదట చూడాల్సింది ఆకులో పచ్చదనం పూర్తిగా పోయిందా అని. ఆకును మరిగే నీళ్లలో ఒక నిమిషం ఉంచండి. తర్వాత పరీక్షనాళికలో ఆల్కహాల్ పోసి, ఆకు వేసి, నాళికను వేడినీళ్ల బీకరులో నిలబెట్టండి. ఆల్కహాల్ 78 డిగ్రీల సెల్సియస్ దగ్గరే మరుగుతుంది, దాని ఆవిరి ఇట్టే అంటుకుంటుంది. అందుకే మంట ఆర్పేశాకే ఈ పని, అదీ టీచరు పక్కనుండగానే. ద్రవం ఆకుపచ్చగా మారి, ఆకు పాలిపోయేదాకా ఆగండి. అప్పటికి ఆకు అప్పడంలా పెళుసెక్కుతుంది. గోరువెచ్చటి నీళ్లలో ముంచితే మెత్తబడుతుంది. బాగా చల్లారాకే అయోడిన్ చుక్కలు వేయండి. పిండిపదార్థం ఉంటే అయోడిన్‌తో నీలినలుపు రంగు రావాలి; వేడి మీద ఆ రంగు నిలవదు, చాలామంది తొందరపడేది ఇక్కడే.

అయినా రంగు రాలేదంటే మొక్కకు ఎండ చాలలేదన్నమాట. నాలుగైదు గంటలు ఎండలో ఉన్న మొక్క నుంచి ఆకు కోయండి.

ప్రశ్న: ఉన్ని, నూలు పోగుల్ని ఎలా పోల్చుకోవాలి?

జవాబు: ఒక్కో పోగును పట్టకారుతో పట్టి కాల్చండి. ఉన్ని ప్రోటీను కాబట్టి వెంట్రుకలు కాలిన కమురు వాసన వస్తుంది. నూలు, కాగితంలాగే, సెల్యులోజు అనే మొక్కల పదార్థం కాబట్టి కాగితం కాలినట్టే ఉంటుంది.