ఊళ్ళోవాళ్ళ కాళ్ళు పట్టుకునే చదువా?

ప్రశ్న: పులివెందుల దగ్గర మాకు ఆరెకరాల చీనీ తోట ఉంది. మా పాప బైపీసీ తర్వాత రెండుసార్లు నీట్ రాసింది, ఎంబీబీఎస్ సీటు రాలేదు. ఇప్పుడు పోడియాట్రీ అనే పాదాల వైద్యం చదువుతానంటోంది. మా అమ్మకు షుగరు. రెండేళ్ళ కిందట కుడికాలి రెండు వేళ్ళు తీసేశారు. అప్పట్నుంచీ జేజికి కట్టు మార్చేది పాపే. మా చెల్లెలి కొడుకు వంకర పాదాలతో పుడితే, వాడికి పిండికట్లు వేయించడానికి చెల్లెలితో పాటు వారం వారం కడపకు పోయిందీ తనే. కన్సల్టెన్సీ వాళ్ళు యూకేలో మూడేళ్ళ కోర్సని, చేరితే ఉద్యోగం చేతిలో ఉన్నట్టేనని అంటున్నారు. దానికి సగం తోట అమ్మాలి. ఇక్కడే బీపీటీ (ఫిజియోథెరపీ డిగ్రీ) గానీ, కృత్రిమ కాళ్ళు చేసే కోర్సు గానీ చేయిస్తే మేలా? ఇంత చదివించి ఊళ్ళోవాళ్ళ కాళ్ళు పట్టుకునే పనికి పంపేదేందని ఇంట్లో పెద్దలు అంటున్నారు. మూడింటినీ పోల్చి చెప్పండి.
- కడప జిల్లా నుంచి ఒక తండ్రి

జవాబు: అయ్యా, పోలిక చెప్తాను గానీ, మిమ్మల్ని నిద్రపోనీయకుండా చేస్తున్నది అది కాదు. ఆ పెద్దల మాట. పాతికేళ్ళుగా చదువుల సలహాలిస్తూ ఈ కుర్చీలో కూర్చుంటున్నాను. 'ఇంట్లో పెద్దలు అంటున్నారు' అని వచ్చిన నాన్నల్లో సగం మంది చెప్పింది తమ మనసులో మాటే. నర్సింగు అంటే ఇదే మాట అన్నారు. పశువుల డాక్టరు అంటే అన్నారు. ఒకప్పుడు పళ్ళ డాక్టరు చదువుకు కూడా 'పరాయివాళ్ళ ఎంగిలి నోట్లో చెయ్యి పెట్టాలా' అని ముఖం చిట్లించిన వాళ్ళు నాకు తెలుసు. వాళ్ళ మనవరాళ్ళే ఇప్పుడు బీడీఎస్ చేస్తున్నారు.

రేపు ఈ పాప పెళ్ళిలో మీరు పీటల మీద కూర్చుని, పళ్ళెంలో అల్లుడి కాళ్ళు పెట్టుకుని కడుగుతారు. ఆ నీళ్ళు నెత్తిన చల్లుకుంటారు. అప్పుడు రాని నామోషీ ఇప్పుడెందుకు వచ్చింది? ఇంకోటి అడుగుతాను, కోపం తెచ్చుకోవద్దు. మీ అమ్మ కాలిని ఈ రెండేళ్ళలో మీరెన్నిసార్లు ఒళ్ళో పెట్టుకున్నారు? ఉత్తరంలో ఆ ఊసు లేదు కాబట్టి జవాబు ఊహించుకున్నాను. ఇంట్లో ఉచితంగా చేస్తే సేవ, చదువుకుని జీతానికి చేస్తే తక్కువ పని ఎట్లా అవుతుంది?

కన్సల్టెన్సీ వాళ్ళ పుస్తకంలో తెల్ల కోటు, నవ్వుమొహం ఉంటాయి. పని మాత్రం వేరు. ముసలివాళ్ళు వంగలేరు, చూపు ఆనదు, కాబట్టి గోళ్ళు కొయ్యపలకల్లా మందమవుతాయి, కొన్ని పక్కలకు తిరిగి కండలోకి దిగుతాయి. అరికాలి ఆనెలను బ్లేడుతో పొరలు పొరలుగా తీయాలి. నెత్తురు రాకుండా తీయడమే విద్య. షుగరు పాతబడిన కాలికి స్పర్శ పోతుంది. పది గ్రాముల ఒత్తిడికి వంగే నైలాను దారం ఒకటుంటుంది. రోగిని కళ్ళు మూసుకోమని, దాన్ని అరికాలికి ఆనించి 'తగిలిందా పెద్దమ్మా' అని అడుగుతారు. తగల్లేదంటే ఆ కాలిని ఇక కళ్ళతో కాపలా కాసుకోవాల్సిందే. మన దగ్గర చలిమంటకు కాళ్ళు చాపి కాల్చుకునే తాతలు, మేలో గుడి బండల మీద ప్రదక్షిణం చేసి బొబ్బలెక్కించుకునే అవ్వలు వీళ్ళే. నొప్పి తెలియదు కాబట్టి వారం దాకా ఎవరికీ చెప్పరు. షుగరు ఉన్నవాళ్ళలో నూటికి 15 నుంచి 25 మందికి జీవితంలో ఒక్కసారైనా పాదం మీద పుండు పడుతుందని వైద్యులు చెప్పే లెక్క. వేలు దగ్గర ఆగాల్సింది మోకాలి దాకా పోవడానికి చాలాసార్లు ఒక ఆనె, ఒక బిగుతు చెప్పు, మెడికల్ షాపులో కొని తనకు తానే అంటించుకున్న ఒక కార్న్ పట్టీ (ఆనెల మందుపట్టీ) చాలు.

పిల్లల వైపు పని ఇంకోరకం. వంకర పాదానికి పోన్సెటి పద్ధతి మీ పాప కళ్ళారా చూసింది. వారానికో పిండికట్టు మారుస్తూ పాదాన్ని దారికి తెస్తారు, చాలామందికి మడమ వెనక తాడులా బిగిసిన స్నాయువును చిన్న గాటుతో వదులు చేస్తారు. కష్టమంతా ఆ తర్వాతే. కడ్డీకి బిగించిన బూట్లు మూడు నెలల పాటు రోజుకు 23 గంటలు, ఆపైన నాలుగైదేళ్ళు వచ్చేదాకా నిద్రపోయే వేళల్లో వేయాలి. పిల్లవాడు ఏడుస్తాడు, జేజి విప్పేస్తుంది, పాదం మళ్ళీ వంకర తిరుగుతుంది. తిరగబెట్టడానికి ముఖ్యకారణం ఈ బూట్లు మానేయడమే. అంటే ఈ పనిలో సగం విద్య చేతిలో ఉంటే, మిగతా సగం ఆ జేజికి నచ్చజెప్పే నోట్లో ఉంటుంది. మీ పాపకు ఆ నోరుందో లేదో మీకే తెలియాలి.

ఇంకొంతమంది రెండేళ్ళ బిడ్డను ఎత్తుకొచ్చి, పాదం చదునుగా ఉంది, రేపు మిలిటరీకి పనికిరాడేమోనని వేలకు వేలు పోసి, బూట్ల లోపల పెట్టే సోళ్ళు కొంటారు. ఆ వయసులో పాదం చదునుగా ఉండడం మామూలే. ఆరేడేళ్ళ దాకా వంపు మెల్లగా ఏర్పడుతుంది. మునివేళ్ళ మీద నిలబెడితే వంపు కనిపించి, నొప్పి లేకపోతే చాలావరకు ఏ సోలూ అక్కర్లేదు. ఆ మాట చెప్పి పంపేవాళ్ళకు ఫీజు తక్కువ, సోలు అమ్మేవాళ్ళకు లాభం ఎక్కువ. మీ పాప ఏ వైపు నిలబడుతుందో చదువుకు ముందే అనుకుంటే మంచిది.

ఇక యూకే. నా అనుమానాలన్నీ ఇక్కడే కుప్పపడ్డాయి, కాబట్టి కొంచెం ఓపిక పట్టండి. ఆ చదువు మంచిదే. మూడేళ్ళ డిగ్రీ, స్కాట్లాండులో నాలుగేళ్ళు. ఆ తర్వాత హెచ్‌సీపీసీ అనే సంస్థలో నమోదు. పోడియాట్రిస్ట్ అనే పేరుకు అక్కడ చట్టం కాపలా ఉంది, నమోదు లేనివాళ్ళు ఆ పేరు వాడుకోకూడదు. అక్కడ పోడియాట్రిస్టుల కొరత ఉన్నమాటా నిజమే. అయితే మనుషుల కొరత ఉండడం వేరు, నిన్న పట్టా తీసుకున్న పరాయిదేశపు పిల్లకు వీసా స్పాన్సర్ చేసి ఉద్యోగమివ్వడం వేరు. ఈ రెండింటి మధ్య ఉన్న సందులోనే కన్సల్టెన్సీల వ్యాపారం నడుస్తుంది. చదువు తర్వాత ఉండే వీసా గడువు, ఉద్యోగ వీసాకు కావలసిన జీతం మారుతూనే ఉన్నాయి. ఈరోజు రూలు చూసి తోట అమ్మితే, పాప పట్టా తీసుకునే రోజుకు అదే రూలు ఉంటుందని ఎవరు రాసిస్తారు? కన్సల్టెన్సీ వాళ్ళను కాగితం మీద రాసివ్వమని అడిగి చూడండి.

ఖర్చు చూస్తే, చాలాచోట్ల ఏడాదికి ఫీజే పదిహేను వేల పౌండ్ల పైమాట. మూడేళ్ళకు అదే అరకోటి. గది, తిండి, ఏడాదికి 776 పౌండ్ల హెల్త్ సర్‌ఛార్జి కలిపితే మొత్తం కోటి వైపు నడుస్తుంది. పార్ట్‌టైమ్ చేసి సంపాదించుకుంటుందని చెప్పుంటారు. ఈ డిగ్రీలో క్లినిక్కుల్లో చేయాల్సిన పనే వెయ్యి గంటల దాకా ఉంటుంది. అది ముగించుకుని వచ్చి రాత్రి హోటల్లో గిన్నెలు కడిగే ఓపిక ఎంతమందికి ఉంటుందో మీరే అనుకోండి. పేరు ముందు డాక్టరని పెట్టుకోవచ్చని కూడా ఎవరైనా ఊరించారేమో. అది అమెరికా దారి. అక్కడ మామూలు డిగ్రీ అయ్యాక నాలుగేళ్ళ డీపీఎం అనే పాదవైద్యపు పట్టా, ఆపైన ఆసుపత్రిలో మూడేళ్ళ రెసిడెన్సీ శిక్షణ. ఇంటర్ కాగితంతో తలుపు తెరుచుకోదు.

తిరిగొచ్చాక సంగతి? మన దేశంలో నిన్నమొన్నటిదాకా పోడియాట్రిస్ట్ అనే వృత్తికి విడిగా చిరునామానే లేదు. 2021 నాటి అనుబంధ ఆరోగ్య వృత్తుల చట్టం జాబితాలో ఆ పేరు చేరింది, సంతోషమే. చట్టంలో పేరు చేరడానికీ, కడపలో బోర్డు కట్టుకుని కూర్చునే దారి నున్నగా తయారవడానికీ మధ్య చాలా ఏళ్ళు పడతాయి. ఇక్కడ పాదాల పని సర్జన్లు, ఎముకల డాక్టర్లు, షుగరు డాక్టర్లు, వాళ్ళ పక్కన ఫిజియోలు, నర్సులు, చెప్పులు తయారు చేసే నిపుణులు పంచుకుంటున్నారు.

ఇంత గట్టిగా ఎందుకు చెప్తున్నానంటే, ఒకసారి నేనే తప్పు చేశాను. పన్నెండేళ్ళ కిందట ఒక పిల్లవాడికి రంగుల పుస్తకం చూసి, ఇలాంటిదే ఒక విదేశీ కోర్సుకు 'పో నాయనా' అన్నాను. చదివొచ్చాడు. ఆ డిగ్రీని ఇక్కడ ఎక్కడ నమోదు చేసుకోవాలో తేలక, రెండేళ్ళు తిరిగి తిరిగి, ఇప్పుడు వాళ్ళ నాయన మందుల షాపులో కూర్చుంటున్నాడు. నేను కనబడితే నమస్తే పెడతాడు. తిట్టినా బాగుండేది.

మీరడిగిన పోలిక ఇప్పుడు రెండు ముక్కల్లో. బీపీటీ ఇంటర్న్‌షిప్పుతో కలిపి అయిదేళ్ళ దాకా పడుతుంది. దారి వెడల్పు. ముసలివాళ్ళ నడక, పడిపోకుండా నిలదొక్కుకోవడం, పిల్లల కాళ్ళు అన్నీ అందులోకి వస్తాయి. తోటివాళ్ళు ఎక్కువ కాబట్టి పోటీ కూడా ఎక్కువ, మొదటి జీతం చూసి మీరు చిన్నబుచ్చుకుంటారు. మీరు కృత్రిమ కాళ్ళ కోర్సు అన్నది బీపీఓ, అంటే ప్రోస్థెటిక్స్ అండ్ ఆర్థోటిక్స్, నాలుగున్నరేళ్ళు. కటక్ దగ్గరి ఓలట్‌పూర్‌లో, కోల్‌కతాలో కేంద్ర ప్రభుత్వ సంస్థలే ఉన్నాయి. 1992 చట్టం కింద రీహాబిలిటేషన్ కౌన్సిల్ నమోదు ఇస్తుంది, ఆ నంబరుంటే దేశంలో ఎక్కడైనా పని చేసుకోవచ్చు. చదివేవాళ్ళు తక్కువ. పుండు మీద బరువు పడకుండా చెప్పు కుదర్చడం, మేనల్లుడు వేసుకునే కడ్డీ బూట్లు, తీసేసిన కాలికి కొత్త కాలు అన్నీ వీళ్ళ చేతి పనే. పాపకు చేత్తో చేసే పని ఇష్టమైతే నా ఓటు దీనికే. సుత్తి, రంపం, ప్లాస్టరు దుమ్ము ఇష్టం లేకపోతే బీపీటీ. విదేశం ఎక్కడికీ పోదు. ఇక్కడి డిగ్రీ చేతికొచ్చాక యూకేలో పోడియాట్రీకి రెండేళ్ళ మాస్టర్స్ కూడా ఉంది. అప్పటికి పాపకు పనేమిటో తెలిసుంటుంది, మీ తోట కూడా మిగిలుంటుంది.

పని చిన్నదన్న దిగులు మీకింకా పోలేదేమో. మనవాళ్ళు రోగమొస్తే పరిగెత్తే రాయవేలూరులోనే, 1946లో పాల్ బ్రాండ్ అనే సర్జన్ సీఎంసీ ఆసుపత్రిలో చేరాడు. కుష్ఠురోగుల వేళ్ళు, పాదాలు వాటంతటవి కుళ్ళిపోతాయని లోకమంతా నమ్మే రోజులు. స్పర్శ పోయిన కాలికి దెబ్బ తగిలినా తెలియక, అదే కాలితో నడవడం వల్ల పుండ్లు పడుతున్నాయని ఆయన పట్టుకున్నాడు. ఈరోజు షుగరు డాక్టరు మీ అమ్మకు రాసిచ్చే ఎంసీఆర్ (మెత్తటి రబ్బరు) చెప్పులు ఆ కుష్ఠు ఆసుపత్రుల నుంచి వచ్చినవే. అంత పెద్ద సర్జన్ నేల మీద కూర్చుని, బిచ్చమెత్తుకునేవాళ్ళ కాళ్ళు ఒళ్ళో పెట్టుకున్నాడు. అది ఆయన పేరును చిన్నది చేయలేదు. ఉగాదికి ముందు కన్నడ భక్తులు మన కర్నూలు మీదుగా శ్రీశైలానికి నడిచిపోతారు కదా, దారిలో వాళ్ళ బొబ్బలకు మందు రాసి కాళ్ళు ఒత్తేవాళ్ళను చూసి ఎవరైనా నవ్వారా? (ఈ ప్రశ్న మీ ఇంట్లో పెద్దలకు.)

నీట్ పోయిందన్న బాధ పాపకు ఉంటుంది, ఉండనివ్వండి. అయితే ఒకటి గమనించండి. నా దగ్గరికొచ్చే పిల్లల్లో నూటికి తొంభై మంది ఒక కోర్సు పేరు పట్టుకుని వస్తారు, పని ఏమిటో తెలియదు. మీ పాప రెండేళ్ళు ఆ పనే చేసి, వాసన చూసి, అయినా అదే కావాలంటోంది. ఆ మాట విని నాకైతే భయం వేయలేదు. కన్సల్టెన్సీకి అడ్వాన్సు ఇవ్వకుండా ఈ నెలలో చేయదగ్గది ఒకటుంది. ఏదైనా ప్రభుత్వ ఆసుపత్రిలో షుగరు పుండ్ల ఓపీ దగ్గర, కృత్రిమ అవయవాల వర్క్‌షాపు దగ్గర, అనుమతి అడిగి పాపను పది రోజులు కూర్చోబెట్టండి. మేనల్లుడిని చూపించేచోట పాప ముఖం డాక్టర్లకు తెలిసే ఉంటుంది, అక్కడే మొదలుపెట్టొచ్చు. పదకొండో రోజు ఏ కోర్సో తనే చెప్తుంది.

అన్నట్టు, ఒకసారి పుండు మానినవాళ్ళలో పదిమందికి నలుగురికి ఏడాది తిరక్కముందే మళ్ళీ పడుతుంది. మీ అమ్మ ఎడమకాలు కూడా రోజూ చూడాలి, వేళ్ళ సందులతో సహా. కాళ్ళు కడిగే నీళ్ళ వేడి ఆమె పాదంతో చూడొద్దు, మీ మోచేత్తో చూడండి. రేపు ఓలట్‌పూర్‌కో ఇంకో ఊరికో పాప పోతే ఆ కట్టు మార్చేది మీరే. ఇప్పుడు ఇంట్లోనే ఉంది కదా, పక్కన కూర్చుని నేర్చుకోండి.