ఆల్టువే హాల్ ఆఫ్ ఫేమ్‌కి వెళ్తాడు, కానీ మొదటి ఏడాదే కాదు

అమెరికా బేస్‌బాల్ జట్టు హ్యూస్టన్ ఆస్ట్రోస్ సెకండ్ బేస్ ఆటగాడు హోసె ఆల్టువేకి, ఆ ఆట దిగ్గజాల గౌరవ మందిరమైన హాల్ ఆఫ్ ఫేమ్‌లో చోటు దొరుకుతుందా, 2017 నాటి తొండి ఆట మచ్చ అతన్ని ఆపేస్తుందా అని అడిగారు. దొరుకుతుందనే నా నమ్మకం. కాకపోతే పేరు ఓటింగ్‌కి వచ్చిన తొలి ఏడాదే దొరకదు. నేను హ్యూస్టన్‌లోనే ఉంటాను కాబట్టి నా మాటల్లో కాస్త పక్షపాతం ఉంటుంది. ఆ మేరకు తగ్గించుకుని చదవండి.

2013లో ఇక్కడికి వచ్చేసరికి నాకు బేస్‌బాల్ ఓనమాలు తెలీవు. ఆ ఏడాది ఆస్ట్రోస్ 162 మ్యాచ్‌లు ఆడి 111 ఓడింది. టికెట్లు చవక, స్టేడియంకి పైకప్పు, లోపల ఏసీ. జూలైలో హ్యూస్టన్ ఎండ తెలిసినవాళ్లకి ఇంతకన్నా కారణం అక్కర్లేదు. మొదటి మ్యాచ్‌లోనే నా కళ్లు ఆల్టువే మీద పడ్డాయి. గొప్పగా ఆడినందుకు కాదు, పొట్టిగా ఉన్నందుకు. అయిదడుగుల ఆరంగుళాల మనిషి, చుట్టూ తాటిచెట్లలాంటి ఆటగాళ్లు. వెనిజులాలో ఆస్ట్రోస్ వాళ్లు సెలక్షన్లు పెట్టినప్పుడు మరీ పొట్టి, మళ్లీ రావద్దు అని పంపేశారట. వాళ్ల నాన్న మర్నాడు మళ్లీ పొమ్మన్నాడు. వెళ్లాడు, 15,000 డాలర్లకి తీసుకున్నారు. ఈ కథ మా వాడికి కనీసం వందసార్లు చెప్పుంటాను. వాడు క్లాసులో అందరికన్నా పొట్టి.

ఇక లెక్కలు. హిట్ అంటే బంతిని కొట్టి అవుట్ కాకుండా బేస్ చేరడం. 2014 నుంచి 2017 వరకు వరసగా నాలుగేళ్లు 200, అంతకు మించి హిట్లు కొట్టి, నాలుగేళ్లూ అమెరికన్ లీగ్‌లో (ఉన్న రెండు లీగుల్లో ఆస్ట్రోస్ ఆడేది) మొదటి స్థానం అతనిదే. ఏడాదిలో లీగ్‌లో అత్యధిక బ్యాటింగ్ సగటుకి ఇచ్చే టైటిళ్లు మూడు, 2017లో ఎంవీపీ, అంటే లీగ్‌లో అత్యంత విలువైన ఆటగాడి అవార్డు. సీజన్ చివర జరిగే నాకౌట్ పోటీల్లో, అంటే ప్లేఆఫ్స్‌లో, 27 హోమ్ రన్లు (క్రికెట్‌లో సిక్సర్ లాంటివి). ఆ జాబితాలో అతని పైన ఉన్నది మానీ రామిరెజ్ ఒక్కడే, 29తో. అయితే మొత్తం కెరీర్ చూస్తే కొంచెం వెలితి ఉంది. హిట్లు 2,300 దాటాయి, 3,000 మాత్రం ఇంకా దూరమే. ఆటగాడి మొత్తం విలువని ఒకే అంకెలో చెప్పే వార్ అనే లెక్కలో అతను 50 దాటాడు. ఇప్పటికే హాల్‌లో ఉన్న సెకండ్ బేస్ వాళ్ల సగటు 70 దగ్గర ఉంటుంది. అంటే ఏ మచ్చా లేకపోయినా కళ్లు మూసుకుని ఓటేసే కేసు కాదిది.

ఆ ఓటు కూడా అభిమానులది కాదు. పదేళ్లు సభ్యత్వం నిండిన బేస్‌బాల్ రచయితలు వేస్తారు, ఒక్కొక్కరు గరిష్ఠంగా పది పేర్లకి. ఆటగాడు రిటైరయ్యాక అయిదేళ్లు ఆగాలి. 75 శాతం వస్తే న్యూయార్క్ రాష్ట్రంలోని కూపర్స్‌టౌన్‌లో ఫలకం పెడతారు. 5 శాతం కూడా రాకపోతే పేరు ఎగిరిపోతుంది. మధ్యలో ఉన్నవాళ్లు పదేళ్లపాటు ఎదురుచూడొచ్చు. ఆటతోపాటు నిజాయితీ, నడవడిక కూడా చూడాలని నిబంధనల్లోనే ఉంది. అసలు గొడవంతా అక్కడే. బ్యారీ బాండ్స్ 762 హోమ్ రన్లు కొట్టినా, సత్తువ పెంచే డ్రగ్స్ వాడాడన్న ఆరోపణల వల్ల పదో ఏట కూడా 66 శాతం దగ్గరే ఆగిపోయాడు.

2017 గురించి మాత్రం నేను చల్లగా మాట్లాడలేను. ఆ ఆగస్టు చివర్లో హార్వే తుఫాను వచ్చింది. మా అపార్ట్‌మెంట్ కింది అంతస్తులో మోకాలి లోతు నీళ్లు, కారు పోయింది, రెండు వారాలు ఇంకో తెలుగువాళ్లింట్లో తలదాచుకున్నాం. సాయంత్రాలు అందరం కలిసి చేసిన పని ఆస్ట్రోస్ మ్యాచ్‌లు చూడడమే. నవంబరు 1 రాత్రి లాస్ ఏంజెలెస్‌లో వరల్డ్ సిరీస్, అంటే ఫైనల్, ఏడో మ్యాచ్. చివరి బంతి దొర్లుకుంటూ ఆల్టువే దగ్గరకే వచ్చింది, పట్టి ఫస్ట్ బేస్‌కి విసిరాడు, అయిపోయింది. మా ఆవిడ ఏడ్చేసింది. ఆవిడకి అప్పటికి అవుట్ అంటే ఏంటో కూడా సరిగ్గా తెలీదు.

రెండేళ్ల తర్వాత అసలు సంగతి బయటపడింది. ఏ బంతి వేయాలో అవతలి క్యాచర్ తన బౌలర్‌కి వేళ్లతో చేసే సైగలని సెంటర్ ఫీల్డ్ కెమెరాతో చూసి, కర్వ్‌బాల్, చేంజప్ లాంటి నెమ్మది బంతులు రాబోతుంటే బ్యాటర్‌కి తెలిసేలా లోపల చెత్తడబ్బా మీద బాదేవాళ్లు. చప్పుడు లేదంటే ఫాస్ట్‌బాల్. 2020 జనవరిలో లీగ్ 50 లక్షల డాలర్ల జరిమానా వేసింది, మేనేజర్నీ జనరల్ మేనేజర్నీ ఏడాది సస్పెండ్ చేసింది. నిజం చెప్పినందుకు ఆటగాళ్లకి శిక్ష లేదు. ఆ శిక్ష పడకపోవడమే వాళ్లకి శాపమైంది. ఏ ఊరు వెళ్లినా ఈలలు, తిట్లు, గాలితో నింపిన చెత్తడబ్బాలు.

“నాన్నా, ఆల్టువే తొండి చేశాడా?” అని మా వాడు అడిగితే ఏం చెప్పాలో తెలీక వీడియోలూ లెక్కలూ ముందేసుకున్నాను. ఆ డబ్బా మోగింది సొంత మైదానంలోనే కదా. 2017లో ఆల్టువే బ్యాటింగ్ సగటు సొంత ఊళ్లో .311 (అంటే వెయ్యి ప్రయత్నాలకి 311 హిట్లు), బయట .381. డబ్బా లేని చోటే ఎక్కువ కొట్టాడు! అతను బ్యాటింగ్ చేస్తున్నప్పుడు కొడితే కోప్పడేవాడని సహచరుడు కార్లోస్ కొరియా తర్వాత చెప్పాడు. ఆ మ్యాచ్‌ల రికార్డింగులు విని చప్పుళ్లు లెక్కపెట్టిన ఓ అభిమాని లెక్కలోనూ ఆల్టువే వాటా చాలా తక్కువ. అయినా మా వాడికి చెప్పింది ఇది: తొండి ఆడిన జట్టులో ఉన్నాడు, తెలుసు, ఆపలేదు. తన బ్యాట్‌కి అది పెద్దగా సాయపడలేదు. రెండూ నిజమే.

మా ఆఫీసులో న్యూయార్క్ జట్టు యాంకీస్ అభిమాని ఒకాయన ఉన్నాడు, న్యూయార్క్ మనిషి. ఈ వాదన ఆయన ముందు చెల్లదు. “మరి 2020లో .219కి ఎందుకు పడిపోయాడు?” అంటాడు. నేను 2022 తీస్తాను. అప్పటికి అందరి కళ్లూ ఆస్ట్రోస్ మీదే, ఆల్టువే .300తో 28 హోమ్ రన్లు, జట్టుకి మళ్లీ వరల్డ్ సిరీస్. ఆయన 2019 తీస్తాడు, యాంకీస్‌ని ఇంటికి పంపిన ఆ ఆఖరి హోమ్ రన్ తర్వాత జెర్సీ చింపొద్దని చేతులెందుకు అడ్డం పెట్టుకున్నాడని. ఏ బంతి వస్తుందో చెప్పే పరికరం జెర్సీ కింద ఒంటికి తగిలించుకున్నారనడానికి ఆధారం దొరకలేదని లీగ్ చెప్పిందంటే నవ్వుతాడు. మాకు, అంటే హైదరాబాదీలకి, ఇలాంటి వాదన కొత్త కాదు. అజహర్ మణికట్టు గురించి మొదలైన కబుర్లు పది నిమిషాల్లో 2000 నాటి నిషేధం దగ్గర తేలతాయి. 2012లో హైకోర్టు అది చెల్లదందిగా అని ఇంకొకరు అందుకుంటారు.

ఇన్ని మాటలకన్నా నాకు ధైర్యమిచ్చేది 2017 ఆస్ట్రోస్‌లోనే ఆడిన కార్లోస్ బెల్ట్రాన్ ఓట్లు. లీగ్ నివేదికలో పేరు పడిన ఆటగాడు అతనొక్కడే, దాని దెబ్బకి న్యూయార్క్‌లోని ఇంకో జట్టు మెట్స్‌లో మేనేజర్ ఉద్యోగం ఒక్క మ్యాచ్ కూడా జరక్కముందే పోయింది. హాల్ ఓటింగ్‌లో 2023లో 46.5 శాతం, తర్వాత 57, ఆ తర్వాత 70, చివరికి 2026 జనవరిలో 84. రచయితలు అతన్ని మూడేళ్లు గుమ్మం బయట నిలబెట్టి లోపలికి పిలిచారు. ఆ పథకం నడిపినవాళ్లలో ఒకడని పేరు పడ్డవాడికే తలుపు తీసి ఆల్టువేకి మూయడం కష్టం. కాకపోతే బెల్ట్రాన్‌కి 2017 ఆఖరి ఏడాది, ఆల్టువేకి అదే శిఖరం, ఎంవీపీ కూడా అప్పటిదే. అందుకని ఇంకొంచెం ఎక్కువే నిలబెట్టొచ్చు.

అతని కాంట్రాక్టు 2029 దాకా ఉంది. అక్కడే ఆపేస్తే ఓటింగ్‌కి వచ్చేది 2035లో. యాంకీస్ ఆయనతో బిర్యానీ పందెం కాశాను. మొదటి ఏడాది రాడు అన్నాడు, అది నా మాట కూడానయ్యా అన్నాను, పందెం నిలబడలేదు. చివరికి 2037 కల్లా హాల్‌కి వస్తాడని నేను, రాడని ఆయన, అలా స్థిరపడ్డాం. అప్పటికి ఆయన రిటైరై ఫ్లోరిడా వెళ్లిపోతాడట, నేను ఓడితే బిర్యానీ కొరియర్‌లో పంపాలట.