గ్రేస్ అంటే దయా, కొసరా?

ప్రశ్న: మేడం గారికి నమస్కారం. మాది అచ్చంపేట. ఇంట్లోనే టైలరింగ్ చేస్తాను. మా బిడ్డ డిగ్రీలో ఒక పేపరు గ్రేస్ మార్కులతో పాసైంది. అప్పటి నుంచి చుట్టాలు 'గ్రేస్‌లో గట్టెక్కిందట కదా' అని అడుగుతుంటే తను మెమో కూడా ఎవరికీ చూపిస్తలేదు. ఇటు ఎల్ఐసీ ఏజెంటు 'టెన్షన్ పడకక్కా, ఇంకా గ్రేస్ పీరియడ్ ఉంది' అంటాడు. టీవీలో డాన్స్ జడ్జి 'నీ స్టెప్పుల్లో గ్రేస్ ఉంది' అంటుంది. ఇదంతా ఒకటే మాటనా? తెలుగులో ఏమనాలి?
– ఒక తల్లి, అచ్చంపేట

జవాబు: ఒకటే మాటమ్మా. దీని పుట్టిల్లు లాటిన్. అక్కడ 'గ్రాటియా' అంటే దయ, ఆ దయ పొందినవాళ్ల కృతజ్ఞత, చూడగానే నచ్చే అందం, ఈ మూడూను. ఇంగ్లీషులో గ్రాటిట్యూడ్, కంగ్రాచ్యులేషన్స్, గ్రాట్యుటీ ఆ ఇంటి పిల్లలే. స్పెయిన్‌లో థాంక్స్‌కు బదులు 'గ్రాసియాస్' అనేదీ అందులోంచి వచ్చిందే.

తెలుగులో చెప్పమంటే నాకు ముందుగా గుర్తొచ్చే మాట 'కొసరు'. జడ్చర్ల దాటాక బాలానగర్ దగ్గర రోడ్డు పక్కన సీతాఫలాల గంపలు పెట్టుకొని కూర్చుంటారు, మీరూ చూసే ఉంటారు. ఒకసారి ఒక ముసలామె దగ్గర డజను కొన్నాను. పన్నెండూ లెక్కపెట్టి సంచిలో వేసింది, డబ్బు తీసుకొని కొంగున ముడేసింది. అంతా అయ్యాక గంపలో వెతికి, కళ్లు విచ్చుకొని రేపో మాపో పండేదాన్ని ఒకటి తీసి నా సంచిలో పెట్టింది. నేను అడగలేదు. ఆమె ఇవ్వకపోయినా బేరానికి లోటు లేదు. గ్రేస్ అంటే ఏమిటని ఎవరడిగినా నాకు ఆ పదమూడో కాయే కళ్ల ముందు మెదులుతుంది.

కొలతలో డజను ఉన్నాకే కొసరు. గ్రేస్ మార్కులూ అంతే. సున్నా తెచ్చుకున్న పేపరుకు ఎవరూ గ్రేస్ కలపరు. పిల్ల చదివి, రాసి, గట్టు దాకా వచ్చింది కాబట్టే ఆ రెండు మూడు మార్కులు కలిశాయి. అదీ ఎవరినో బతిమాలుకుంటే వచ్చింది కాదు, యూనివర్సిటీ రాసిపెట్టుకున్న రూలు ప్రకారం వచ్చింది. నేను ముప్పై ఏళ్లు పేపర్లు దిద్దాను. ఒక్క మార్కు దగ్గర ఆగిపోయిన జవాబు పత్రాన్ని పక్కన పెట్టి, మళ్లీ తీసి, మొదటి నుంచి చదివిన రాత్రులు నాకు చాలా ఉన్నాయి. ఆ మార్కు వెనక ఎంత కష్టం ఉంటుందో తెలుసు. మెమో బయటికి తీయమని మీ బిడ్డకు నా మాటగా చెప్పండి.

ఎల్ఐసీ గ్రేస్ పీరియడ్ అంటే గడువు దాటాక ఇచ్చే వెసులుబాటు. ఏడాదికో, ఆరు నెలలకో, మూడు నెలలకో కట్టేవాళ్లకు కనీసం 30 రోజులు, నెలనెలా కట్టేవాళ్లకు 15 రోజులు ఉంటుంది. ఆ రోజుల్లో పాలసీ నడుస్తూనే ఉంటుంది. ఈలోగా జరగరానిది జరిగినా, కట్టాల్సిన ప్రీమియం పట్టుకొని మిగతాది ఇస్తారు. అది దాటితే పాలసీ ల్యాప్స్ అవుతుంది. అందుకని ఏజెంటు మాట మీద నిశ్చింతగా ఉండకుండా ఈ వారంలోనే కట్టేయండి.

డాన్స్‌లో గ్రేస్‌ను సొగసు అనొచ్చు, ఒయ్యారం అనొచ్చు. నాకు మాత్రం 'చెయ్యి తిరగడం' అన్న మన మాట ఇష్టం. మా అత్తమ్మ జొన్న రొట్టె చేసేటప్పుడు చూడాలి. పిండి ముద్ద మీద అరచెయ్యి పడుతుంటే రొట్టె దానంతట అదే తిరిగినట్టు ఉండేది. అంచు ఎక్కడా పగిలేది కాదు. కష్టపడుతున్నట్టు కనిపించదు, కష్టం లేక కాదు. మీ మిషను మీద బట్ట తిప్పే చేతిలో కూడా అది ఉండే ఉంటుంది.

మీరు అడగకపోయినా ఇంకో మాట చెప్పాలి. పేపర్లో రోజూ కనిపించే 'ఎక్స్‌గ్రేషియా' కూడా ఈ గ్రేసే. 'దయతో ఇస్తున్నాం, బాధ్యత ఉండి కాదు' అని దాని అర్థం. దాన్ని చాలామంది 'నష్టపరిహారం' అని రాస్తారు, అనేస్తారు. రెండూ ఒకటి కాదు. 2012లో నేను దేవరకొండలో పనిచేసేదాన్ని. మా పక్కింటి ఆమె భర్త పుణె వైపు సెంట్రింగ్ పనికి పోయి, పైనుంచి పడి చనిపోయాడు. ముప్పై ఏళ్లవాడు. దినాలు కాకముందే గుంపు మేస్త్రీ ఒక కాగితం పట్టుకొచ్చాడు. అంతా ఇంగ్లీషు. స్టాంపు ప్యాడ్ మూత అప్పటికే తీసి ఉంది, ఆమె ఎడమ బొటనవేలికి సిరా కూడా అంటింది. 'టీచరమ్మా, ఇందులో ఏముందో ఒక్కసారి చూడు' అని నా దగ్గరికి వచ్చింది. లక్ష రూపాయలు ఎక్స్‌గ్రేషియాగా ఇస్తున్నారట, ఇక ఏ క్లెయిమూ చెయ్యనని ఆమె ఒప్పుకుంటున్నదట.

వేలు కడుక్కొమ్మన్నాను. పనిలో చనిపోయిన మనిషి కుటుంబానికి డబ్బు ఇవ్వడం దయ కాదు, అప్పట్లో అమల్లో ఉన్న 1923 నాటి పరిహార చట్టం ప్రకారం యజమాని బాకీ. ఆ సొమ్మును ఆమె చేతిలో పెట్టి సంతకం తీసుకుంటే చెల్లదు, కార్మిక శాఖ కమిషనర్ దగ్గర జమ చెయ్యాల్సి ఉండేది. హక్కు వదులుకుంటున్నానని రాయించుకున్నా ఆ రాత చెల్లదు. క్లెయిముకు రెండేళ్ల గడువు ఉండేది. ఆమె పాపను చంకనెత్తుకొని ఏడాదిన్నర తిరిగింది. చివరికి వచ్చిన సొమ్ము ఆ కాగితంలో రాసినదానికి నాలుగింతలు దాటింది. బాకీని దయ అని పిలిస్తే పేదవాళ్లకు ఎంత నష్టమో ఆ రోజు చూశాను. ఆ కోపం నాకు ఇప్పటికీ తగ్గలేదు. మన దగ్గర 'నీ మెహర్బానీ ఏం అక్కర్లేదు, నాది నాకియ్యి' అంటారు కదా, అది సరిగ్గా అలాంటి చోట అనాల్సిన మాట.

గ్రాట్యుటీది దీనికి తిరగేసిన కథ. పేరులో ఇనాము ఉంది, కానీ 1972 చట్టంతో అది ఉద్యోగి హక్కయింది.

ఇన్నింటికీ కలిపి తెలుగులో ఒక్క మాట వెతక్కండి. మార్కులకు కొసరు, పాలసీకి వెసులుబాటు, నడతకు హుందాతనం, దేవుడి దగ్గర అనుగ్రహం. సందర్భాన్ని బట్టి వాడుకుంటే చాలు.

ప్రశ్న: చర్చిలో గ్రేస్‌ను కృప అంటారు, మెర్సీని కనికరం అంటారు. తేడా ఏమిటి?
– ఒక విద్యార్థి, మిర్యాలగూడ

జవాబు: పడాల్సిన శిక్ష తప్పించడం మెర్సీ. రానక్కరలేని మేలు చెయ్యడం గ్రేస్. కానీ తెలుగు బైబిల్లో కృప ఇంకా విశాలమైన మాట. 23వ కీర్తనలో 'కృపాక్షేమములే నా వెంట వచ్చును' అని ఉంటుంది. అక్కడ పాత ఇంగ్లీషు బైబిల్లో ఉన్నది గ్రేస్ కాదు, మెర్సీ. కాబట్టి కృప కనపడ్డ ప్రతిచోటా గ్రేస్ అని అనువాదం చెయ్యకు బాబూ.

ప్రశ్న: 'సే గ్రేస్' అంటే దయ చూపమనా?
– ఒక పాఠకుడు, వనపర్తి

జవాబు: కాదండీ. అన్నం ముందు కూర్చొని దేవుడికి కృతజ్ఞత చెప్పుకోవడం. మన పెళ్లి బంతిలో వడ్డన అయ్యాక ఎవరో ఒకరు 'గోవిందా' అంటారు, అందరూ అందుకొని తర్వాత ముద్ద కలుపుతారు. పక్కింటి సాయిబుగారు బిస్మిల్లా అంటారు. ఇంగ్లీషువాళ్ల భోజనాల బల్ల దగ్గర ఆ పనికి పేరు గ్రేస్.