కొత్త కారు డోర్‌కు మళ్లీ వేసిన రంగు: డెలివరీ కాగితం మీద సంతకం పెడితే హక్కు పోయినట్టేనా?

ప్రశ్న: మాది కావలి దగ్గర పల్లె. రొయ్యల చెరువులు చేస్తాను. పోయిన నెల నెల్లూరులో ఒక షోరూమ్‌లో 11,40,000 రూపాయలకు నా పేరు మీద కొత్త కారు తీసుకున్నాను. మూడు లక్షలు చేతి నుంచి కట్టి, మిగతాది బ్యాంకు లోను పెట్టాను. శుక్రవారం డెలివరీ. పదిన్నరకు రాహుకాలం వస్తుందని అందరం తొందరపడ్డాం. వాళ్లు చూపించిన చోటల్లా సంతకాలు చేశాను. మర్నాడు శనివారం మాలకొండ వెళ్లి పూజ చేయించుకొచ్చాం. ఆదివారం ఇంటి దగ్గర కడుగుతుంటే ఎడమ వైపు వెనక డోర్ రంగు మిగతా బండితో కలవలేదని తెలిసింది. ఆ డోర్ బోల్టుల మీద పెయింటు లేచిపోయి ఉంది. ఒక టైరు మీది తేదీ మిగతావాటికంటే ఏడాది పాతది. అప్పుడే ఫొటోలు తీసి షోరూమ్ వాళ్లకు వాట్సాప్‌లో పంపాను. "అన్నీ చూసుకున్నానని సంతకం పెట్టారు కదా, కావాలంటే ఫ్రీగా పాలిష్ చేసిస్తాం" అంటున్నారు. నాకు కొత్త బండి వస్తుందా? వచ్చే నెల మా బావమరిది ఒంగోలులో కారు తీసుకుంటున్నాడు. ఏమేం చూసుకోమని చెప్పాలి?

జవాబు: ముందుగా, ఆ పాలిష్‌కు ఒప్పుకోకండి. డోర్‌కు మళ్లీ రంగు వేశారనడానికి మీ దగ్గరున్న అసలైన సాక్ష్యం ఆ డోరే. పాలిష్ చేసి, బోల్టులకు టచప్ వేస్తే ఆ సాక్ష్యం మీ కళ్ల ముందే చెరిగిపోతుంది. కోటింగ్‌లు, బయట డెంటింగ్ షాపుల్లో సర్దుబాట్లు కూడా ఇప్పుడు వద్దు. "ఇన్సూరెన్స్‌లో క్లెయిమ్ పెట్టి డోర్ మార్పిస్తాం" అని ఎవరైనా అంటే అది మరీ ప్రమాదం. డెలివరీ తర్వాత మీ చేతిలోనే బండికి దెబ్బ తగిలిందని మీరే రాసిచ్చినట్టవుతుంది. అబద్ధపు క్లెయిమ్ చేశారన్న మాట కూడా మీ మీదికి వస్తుంది.

ఇక సంతకం సంగతి. "బండిని పరిశీలించాను, సంతృప్తిగా ఉంది" అని అచ్చేసిన కాగితం మీద సంతకం పెట్టినంత మాత్రాన మీ హక్కు పోదు. 1930 నాటి వస్తువుల అమ్మకం చట్టం సెక్షన్ 16 ప్రకారం, కొన్నవారు వస్తువును పరిశీలించి ఉంటే, ఆ పరిశీలనలో కనిపించి తీరాల్సిన లోపాల విషయంలోనే అమ్మినవారికి వెసులుబాటు ఉంటుంది. దండలు, రిబ్బన్లు కట్టి, షోరూమ్ లైట్ల కింద నిలబెట్టిన బండికి ఒక డోర్ రంగులో చిన్న తేడా పది నిమిషాల్లో మామూలు మనిషికి కనిపించి తీరాలని ఏ వినియోగదారుల కమిషనూ అనుకోదని నా నమ్మకం. అయితే టైరు తేదీ విషయంలో "చూస్తే కనిపించేది కదా" అని వాళ్లు గట్టిగానే వాదించగలరు. అందుకే కేసులో డోర్‌ను ముందు పెట్టి, టైరును దానికి తోడుగా చూపిద్దాం.

మీ కేసుకు అసలు బలం 2019 వినియోగదారుల రక్షణ చట్టంలో ఉంది. పాతదాన్ని, వాడినదాన్ని, బాగుచేసినదాన్ని కొత్తదని చెప్పి అమ్మడం సెక్షన్ 2(47) ప్రకారం అనుచిత వ్యాపార పద్ధతి. బండి ట్రక్కులో వస్తున్నప్పుడో, స్టాక్‌యార్డులో తిప్పుతున్నప్పుడో డోర్‌కు దెబ్బ తగిలి, రంగు వేసి, ఆ మాట మీకు చెప్పకుండా కొత్త ధరకు అమ్మి ఉంటే అది దీని కిందికే వస్తుందని వాదించవచ్చు. ముందే చెప్పి ధర తగ్గించి ఉంటే గొడవే లేదు. దాచిపెట్టడమే ఇక్కడ తప్పు.

కొత్త బండి వస్తుందా అని అడిగారు. మీకు లేనిపోని ఆశ పెట్టడం నాకిష్టం లేదు. ఒక లోపం ఉన్నంత మాత్రాన మొత్తం బండిని మార్చి ఇవ్వమనలేమని, వారంటీ ప్రకారం ఆ భాగాన్ని బాగుచేయడమో మార్చడమో కంపెనీ బాధ్యత అని సుప్రీంకోర్టు 2006లో మారుతీ ఉద్యోగ్ కేసులో చెప్పింది. అవతలి లాయరు మొదట చూపించే తీర్పు అదే. కానీ అది వారంటీ కింద వచ్చిన లోపం గురించి. మీది, దెబ్బతిన్న బండిని కొత్తదని అమ్మారన్న ఆరోపణ. ఈ రెండూ ఒకటి కావని మనం మొదటి నుంచీ స్పష్టంగా రాయాలి. బండికి యాక్సిడెంట్ అయిందని తేలితే డబ్బు వాపసో, బండి మార్పిడో గట్టిగా అడగవచ్చు. ఒక్క డోర్‌కే రంగు వేశారని తేలితే, ధరలో తేడా, నష్టపరిహారం, ఖర్చులు వచ్చే అవకాశమే ఎక్కువ. ఫిర్యాదులో రెండూ అడుగుదాం, ఒకటి కాకపోతే ఇంకొకటి అని.

డీలర్‌ను, తయారీ కంపెనీని ఇద్దరినీ ప్రతివాదులుగా చేర్చాలి. కానీ భారం డీలర్ మీదే ఎక్కువ పడుతుంది. గోవాలో 2011 మోడల్‌కు డబ్బు కట్టిన ఒకాయనకు 2009లో తయారై, అప్పటికే వందల కిలోమీటర్లు తిరిగిన బండి ఇచ్చారు. ఆ కేసు సుప్రీంకోర్టు దాకా వెళ్లింది. డీలర్ చేసిన తప్పు కంపెనీకి తెలుసని రుజువు లేనప్పుడు కంపెనీని బాధ్యురాలిని చేయలేమని 2021లో కోర్టు చెప్పింది. అందుకే మీ బండి చరిత్ర మనకు కావాలి. మీ చాసిస్ నంబరు మీద ఉన్న జాబ్ కార్డులు (వర్క్‌షాపులో బండికి చేసిన పనులు రాసే కాగితాలు), ట్రక్కు నుంచి దించినప్పుడు రాసుకున్న రిపోర్టు, డెలివరీకి ముందు చేసిన తనిఖీ షీటు, ఈ మూడింటి కాపీలు ఇవ్వమని లీగల్ నోటీసులోనే అడుగుదాం. ఇస్తే నిజం బయటపడుతుంది. ఇవ్వకపోతే ఎందుకు దాచారని కమిషన్ ముందు అడగవచ్చు.

ఈ వారంలోనే ఒక పని చేయండి. లైసెన్సు ఉన్న మోటార్ సర్వేయర్‌కు (బండ్ల డ్యామేజీని అంచనా వేసే నిపుణుడికి) బండి చూపించి, ప్రతి డోర్ మీద, బానెట్ మీద, డిక్కీ మీద పెయింటు మందం మీటరుతో కొలిపించి రిపోర్టు తీసుకోండి. ఫ్యాక్టరీ రంగు బండంతా దాదాపు ఒకే మందంలో ఉంటుంది. మళ్లీ వేసిన చోట అది బాగా పెరుగుతుంది. మీరు ఆదివారమే వాట్సాప్‌లో ఫొటోలు పంపడం చాలా మేలు చేసింది. ఆ ఫోన్ మార్చకండి, ఆ మెసేజీలు తీసేయకండి. ఎలక్ట్రానిక్ సాక్ష్యానికి సర్టిఫికెట్ జత చేయాలి, అది మేం రాస్తాం.

15 రోజుల గడువుతో నోటీసును స్పీడ్ పోస్టులో పంపుదాం. జవాబు రాకపోతే నెల్లూరులోని జిల్లా వినియోగదారుల కమిషన్‌కు వెళ్దాం. మీరు చెల్లించిన ధర 50 లక్షల లోపే కాబట్టి కేసు అక్కడే వేయాలి. 10 నుంచి 20 లక్షల మధ్య ధరకు ఫీజు 400 రూపాయలే. కేసు వేయడానికి గడువు రెండేళ్లు. అలాగని కూర్చుంటే "ఇన్నాళ్లు వాడుకుని ఇప్పుడు అంటున్నారు" అన్న మాట వస్తుంది. ఈలోపు 1915 జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్‌లో కూడా ఫిర్యాదు నమోదు చేయించండి. కొందరు డీలర్లు అక్కడి నుంచి ఫోన్ రాగానే దిగొస్తారు.

కోపంతో ఈఎంఐ మాత్రం ఆపకండి. లోను ఒప్పందం మీకూ బ్యాంకుకూ మధ్యది. షోరూమ్ చేసిన తప్పుకు మీ సిబిల్ స్కోరు పాడు చేసుకుని, బండిని రికవరీ వాళ్ల చేతికి ఇచ్చుకునే పరిస్థితి తెచ్చుకోవద్దు.

ఇప్పుడు మీ బావమరిది గురించి. ఆయనకు నేను చెప్పేది ఒక్కటే: డెలివరీ రోజు చూడటం ఆలస్యం. మోటారు వాహనాల చట్టం సెక్షన్ 41 ప్రకారం, ఇదే రాష్ట్రంలో రిజిస్టర్ చేసే కొత్త బండికి డీలరే రిజిస్ట్రేషన్ దరఖాస్తు చేయాలి, నంబరు ప్లేటు బిగించాకే బండి చేతికివ్వాలి. అంటే డెలివరీ రోజుకు బండి ఆయన పేరు మీదికి వచ్చేసి ఉంటుంది. అప్పుడు వద్దంటే డీలర్ దృష్టిలో అది సెకండ్ హ్యాండ్ బండి, సులభంగా వెనక్కి తీసుకోరు. కాబట్టి చాసిస్ నంబరు కేటాయించగానే, మిగతా డబ్బు కట్టకముందే, రిజిస్ట్రేషన్‌కు పంపకముందే స్టాక్‌యార్డుకు వెళ్లి చూడాలి. అడిగితే పరిశీలించే అవకాశం ఇవ్వాల్సిన బాధ్యత వస్తువుల అమ్మకం చట్టం సెక్షన్ 41లోనే ఉంది. "యార్డుకు కస్టమర్లను రానివ్వం" అంటే, షోరూమ్‌కే తెప్పించి చూపించమని మెసేజ్ పెట్టమనండి.

పగటి వెలుతురులోనే చూడాలి. దుమ్ము ఉంటే కడిగించాలి. రంగు తేడా ఎదురుగా నిలబడితే తెలియదు, బండి పక్క నుంచి ఏటవాలుగా చూస్తే తెలుస్తుంది. డోర్లు, బానెట్, ఫెండర్ బోల్టుల తలల మీద పానా పడిన గుర్తులు ఉన్నాయేమో చూడమనండి. డోర్ రబ్బరు కాస్త లాగి చూస్తే, మళ్లీ రంగు వేసిన చోట తుంపర కనిపిస్తుంది. టైరు పక్కన అండాకారంలో నాలుగంకెలు ఉంటాయి. 2324 అంటే 2024లో 23వ వారం. స్టెప్నీతో సహా అన్నీ దగ్గరదగ్గర తేదీలే ఉండాలి. అద్దాల మీది గుర్తుల్లో ఒకటి మాత్రం వేరుగా ఉంటే ఎందుకని అడగాలి. సముద్రం దగ్గరి యార్డుల్లో నెలల తరబడి నిలబెట్టిన బండికి ఉప్పు గాలి దెబ్బ ముందు అడుగు భాగానికే తగులుతుంది, కాబట్టి టార్చ్ వేసి కింద కూడా చూడాలి. బండి మీది చాసిస్ నంబరు ఇన్వాయిస్‌తో, ఫారం 21తో (డీలర్ ఇచ్చే అమ్మకం సర్టిఫికెట్‌తో) కలవాలి. ఫారం 21లో తయారైన నెల, సంవత్సరం కూడా ఉంటాయి. మీటరు రీడింగును ఫొటో తీసుకోవాలి.

ఇన్సూరెన్స్ షోరూమ్‌లోనే తీసుకోవాలని లేదు. కొత్త కారుకు మూడేళ్ల థర్డ్ పార్టీ పాలసీ తప్పనిసరి. సొంత డ్యామేజీకి ఏడాది పాలసీ చాలు. ఏ పేరుతో ఎంత తీసుకున్నా రసీదు అడగాలి.

డెలివరీ రోజు సంతకం పెట్టే ముందు ఏమాత్రం అనుమానం ఉన్నా ఆ కాగితం మీదే చేత్తో రాయమనండి: "కుడి డోర్ మీద గీత ఉంది, బాగుచేసి ఇస్తామన్నారు" అని. ఆ ఒక్క వాక్యం తర్వాత ఎంతమంది సాక్షులకైనా సమానం. ఇంటికి తెచ్చాక సౌండ్ సిస్టమ్ కోసం, లైట్ల కోసం బయట షాపులో వైర్లు కోయించుకోవద్దు. రేపు ఎలక్ట్రికల్ లోపం వస్తే వారంటీ కాదనడానికి అదే సాకు అవుతుంది. సర్వీసు బుక్కులో ఉన్న కిలోమీటర్లకు, నెలలకు తప్పకుండా సర్వీసు చేయించి ప్రతి జాబ్ కార్డు కాపీ దాచుకోవాలి. ఈ మాట మీకూ వర్తిస్తుంది. మొదటి సర్వీసుకు బండి ఇచ్చేటప్పుడు "డోర్ పెయింటు విషయం వివాదంలో ఉంది, ముట్టుకోరాదు" అని జాబ్ కార్డు మీద రాయించి, దాని కాపీ తీసుకున్నాకే తాళాలు ఇవ్వండి.