చొరబడిన కణాలను లెక్కపెట్టే ముందు

విశాఖపట్నం

చిరంజీవి లావణ్యకు మేనత్త ఆశీస్సులు.

కణాలు చుట్టుపక్కల కణజాలంలోకి చొచ్చుకుపోయే చొరబాటులో, కణం లోపలి చిన్న భాగాలైన కణాంగాల పాత్ర మీద పరిశోధనకు చేరుతున్నావని మీ నాన్న ఫోనులో చెప్పినప్పటి నుంచి నాకు ఎంత గర్వంగా ఉందో, ఫలితం కోసం తొందరపడతావేమోనని అంత బెంగగానూ ఉంది.

నోటుపుస్తకంలో తేదీలు, కణాలకు మైకోప్లాస్మా అనే సూక్ష్మజీవి సోకిందేమోనన్న పరీక్ష వంటివి నీకు చెప్పనక్కరలేదు. కణాలు చొరబడతాయో లేదో చూడడానికి పొర మీద పోసే జెల్, మాట్రిజెల్ సంగతి మాత్రం విను. 4 డిగ్రీల దగ్గర ద్రవంగా ఉండే ఆ పదార్థం మన విశాఖ మే నెల ఉక్కలో పిపెట్ టిప్పులోనే గడ్డకడుతుంది కనుక, టిప్పులూ ట్యూబులూ ముందురోజు రాత్రే ఫ్రిజ్‌లో పెట్టుకో.

ఇక అసలు మాట. హైదరాబాదులో నేను పనిచేసిన ప్రయోగశాలలో ఒక విద్యార్థి సార్క్ (Src) అనే ప్రోటీన్ సంకేతాన్ని అణిచే మందు వేసి, 8 మైక్రాన్ల రంధ్రాలున్న పొర దాటి కిందికి దిగిన కణాలను లెక్కపెట్టాడు. అవి బాగా తగ్గాయి. కణాల చుట్టూ ఉండే ప్రోటీన్ల అల్లిక అయిన మాతృకను కరిగించుకుంటూ పోయే ఇన్వాడోపోడియా అనే కణపు పొడుపులు ఏర్పడడానికి సార్క్ కావాలని అందరికీ తెలుసు కాబట్టి ఎవరూ అనుమానించలేదు. సెమినారులో మెచ్చుకున్నారు కూడా. చివరకు పొర పైభాగాన మిగిలిన కణాలను చూస్తే అక్కడా అదే తరుగు. మందు మోతాదు మించి కణాలనే చంపింది. బతికున్న కణాల లెక్క విడిగా తీయలేదు, జెల్ లేని పొర మీద కదలికను పోల్చలేదు, పైగా ప్రయోగం రెండు రోజులు సాగడంతో కణ విభజన కూడా లెక్కలో కలిసిపోయింది. ఆ పిల్లవాడు నెలల తరబడి ఎవరికీ ముఖం చూపలేకపోయాడు. పక్కన కూర్చుని ప్రశ్నించవలసిన పెద్దలదే ఆ తప్పని నేను ఇప్పటికీ అంటాను.

నీ అంశంలో ఈ ప్రమాదం ఇంకా ఎక్కువ. కణానికి శక్తినిచ్చే మైటోకాండ్రియాను దెబ్బతీస్తే కణం మొత్తం నీరసిస్తుంది. అప్పుడు చొరబాటు తగ్గిందనడంలో విశేషమేముంది? అందుకే కణాంగం పనిచేస్తోందా అనే ప్రశ్నతో ఆగకుండా, అది ఎక్కడ ఉందో చూడు. కణం వెలుపల ఆమ్లత్వం పెరిగితే కేంద్రకం చుట్టూ ఉండే లైసోసోములు, అంటే జీర్ణరసాల సంచులు, అంచులకు జరుగుతాయి. సీ. ఎలిగన్స్ అనే చిన్న పురుగులో చొరబాటు చేసే యాంకర్ కణం, నెట్రిన్ అనే ప్రోటీన్ సంకేతం అందిన వైపుకే మైటోకాండ్రియాను చేర్చుకుని, లైసోసోముల నుంచి వచ్చే త్వచంతో పెద్ద పొడుపు సాచి, కణజాలాలను వేరుచేసే పలుచని ఆధార పొరను చీలుస్తుంది. ఆ కణం విభజన ఆపుకున్నాకనే చొరబడగలదని మరిచిపోకు. పెరుగుదలనూ చొరబాటునూ ఒకటిగా చూడకూడదనడానికి ఇంతకంటే సాక్ష్యం ఏం కావాలి? ఇరుకు రంధ్రంలో అన్నిటికంటే గట్టిదైన కేంద్రకమే అడ్డుపడుతుంది కాబట్టి కేంద్రకానికి ఆ గట్టిదనమిచ్చే ప్రోటీన్ లామిన్-ఏ స్థాయిని కూడా చూసుకో.

నిద్ర మానుకుని లెక్కలు వేస్తే ఊరుకోను, తల్లీ. ప్రయోగం పొద్దుపోతే ఏయూ నుంచి నేరుగా ఎంవీపీ కాలనీలోని మా ఇంటికి వచ్చి పడుకో. మీ గైడుగారు ఏ కణాలు ఇచ్చారో, పోలిక కోసం చేసే నియంత్రణ ప్రయోగాలు ఏవేవి అనుకుంటున్నావో మొదటి జెల్ పోయకముందే నాకు రాయి.

ఇట్లు,
నీ మేనత్త